ఖరగ్‌పూర్‌లో చేరి నెల కాలేదు, హాస్టల్ కొత్త కాకపోయినా కుదురుకోలేకపోతున్నా

పల్నాడు_పిల్లోడు

అందరికీ నమస్తే. ఈ ఏడే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సివిల్‌లో చేరా. మా ఊరు పిడుగురాళ్ళ దగ్గర. ఇక్కడ సీనియర్స్, పెద్దవాళ్ళు ఉంటారని రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి.

హాస్టల్ నాకు కొత్తేం కాదు. ఎనిమిదో తరగతి నుంచీ హాస్టల్లోనే ఉన్నా, ఇంటర్ రెండేళ్ళు విజయవాడ పక్కన ఒక కార్పొరేట్ కాలేజీలో, అక్కడ నెలకోసారి ఔటింగ్ ఇస్తే అదే పండగ. అందుకే నన్ను పంపేటప్పుడు ఇంట్లో ఎవరూ పెద్దగా బెంగపెట్టుకోలేదు, 'వీడికేంలే, అలవాటేగా' అన్నారు. నేనూ అంతే అనుకున్నా. తీరా ఇక్కడ సాయంత్రం ఐదున్నరకి ల్యాబ్ అయ్యి రూముకొచ్చి మంచం మీద కూర్చుంటే ఏం చెయ్యాలో తోచడం లేదు. చదువుదామంటే ఎక్కడ మొదలెట్టాలో తెలీదు, పడుకుందామంటే నిద్ర రాదు, ఫోన్ చూస్తూ చూస్తూ రాత్రి రెండు మూడు అవుతోంది, పొద్దున ఎనిమిదింటి క్లాసుకి టిఫిన్ మానేసి సైకిలెక్కి పరుగు.

రూమ్మేట్లు ఇద్దరు. ఒకడిది జైపూర్, కోటాలో కోచింగ్ తీసుకున్నాడు, వింగ్‌లో అందరితో గడగడా హిందీలో జోకులేస్తుంటాడు, అందరూ నవ్వుతుంటే నేనూ ఒక సెకను ఆలస్యంగా నవ్వుతా. ఇంకొకడు బర్ధమాన్ వైపు పల్లెటూరు, శుక్రవారం సాయంత్రమైతే బ్యాగు సర్దుకుని ఇంటికెళ్ళిపోతాడు. నా హిందీ స్కూల్లో పాస్ మార్కుల హిందీ. తిండి సంగతికొస్తే పప్పు తియ్యగా, కూర ఆవనూనెతో, వాళ్ళ తప్పేం కాదు, ఇక్కడి వంటే అంత, కానీ ఆకలేసినా ముద్ద దిగదు.

అన్నిటికంటే కష్టం నాన్నతో ఫోన్. 'నీకు రావాలనిపిస్తే వచ్చెయ్యరా, సీటు పోతే పోయింది' అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మాట విన్నప్పట్నుంచీ ఫోన్ ఎత్తాలంటేనే టెన్షన్. వినాయక చవితికి ఇంటికెళ్ళి రావాలా వద్దా? మీకెవరికైనా ఇట్లా అయిందా?

నిజామాబాద్_శైలజ

తమ్మీ, నేను అక్కడే సెకండియర్. ముందు దోమతెర కట్టుకున్నవా లేదా చెప్పు. నవ్వకు, నిద్ర రాకపోడానికి సగం కారణం అదే కావొచ్చు. ఆగస్టుల అక్కడి ఉక్క, దోమలు మనకి అలవాటు లేవు. మన ఎండ వేరు, గాలి పొడిగ ఉంటది. అక్కడ ఒంటి మీద చెమట ఆరదు, తాడు మీదేసిన జీన్సు మూడు రోజులైనా తడిగనే ఉంటది, షూలకు బూజు పడ్తది. టెక్ మార్కెట్‌ల తెర దొరుకుతది, మంచానికి నాలుగు దిక్కుల కర్రలు లేకుంటే కిటికీ ఊచకు రెండు తాళ్ళు, అల్మారా పిడికి ఒకటి, తలుపు పై గొళ్ళానికి ఒకటి కట్టు. ఫ్యాన్‌కి తగలకుండా చూస్కో.

తిండికి సంబంధించి ఇంకోటి. మెస్‌ల మధ్యాహ్నం అన్నం, పప్పు, కోడిగుడ్డు పెట్టే రోజున కడుపు నిండ తిను. ఇంటి నుంచి కంది పొడి, కరివేపాకు కారం తెప్పించుకో, పచ్చళ్ళ కంటె పొడులే నయం, ఆ తేమకు పచ్చడి సీసా రెండుసార్లు తడి చెంచా పెడితే పాడైతది. పెరుగు కొనేటప్పుడు 'టొక్ దొయి' అని అడుగు, లేకపోతే తియ్యటిది చేతుల పెడ్తరు.

చవితికి పోవాల్నా అంటే, నేనైతే పోవద్దంట. దుర్గా పూజ సెలవులు ఎట్లాగూ వస్తయి, అప్పుడు పో. టికెట్ చేసినవా?

పాతకాపు_హెచ్‌జేబీ

2011లో అక్కణ్ణుంచి బయటపడ్డా, ఇప్పుడు బెంగళూరు. సూటిగా చెప్తా, నచ్చకపోవచ్చు.

మనవాళ్ళు అక్కడికెళ్ళగానే చేసే పని ఒకటే, తెలుగువాళ్ళు ఎక్కువున్న రూము ఏదో కనుక్కుని అందులో దూరడం. అక్కడ సినిమాలు, అక్కడే మ్యాగీ, అక్కడే మగ్గింగ్ (అదే, బట్టీ కొట్టడం), పరీక్ష ముందు రోజు నోట్సు కూడా ఆ రూములోదే. నాలుగేళ్ళు గడిచాక చూస్తే క్యాంపస్ ఎంతో ఉంటుంది, వీడు చూసింది ఒక కారిడార్. నా బ్యాచ్‌లో జేఈఈ ర్యాంకుల్లో మనవాళ్ళు ముందున్నారు, మూడో ఏడు ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూల్లో నోరు పెగలక వెనక్కొచ్చినవాళ్ళలోనూ మనవాళ్ళే ఎక్కువ. కాబట్టి తమ్ముడూ, ఆ జైపూర్ వాడితోనే తిరుగు. హిందీ తప్పులు మాట్లాడు, నవ్వితే నవ్వనీ. డిసెంబర్‌కి వచ్చేస్తుంది.

ఇంకో సంగతి. ఆ బర్ధమాన్ అబ్బాయికి హిందీ బాగా వచ్చని అనుకుంటున్నావేమో, అదేం కాదు. బెంగాలీ మీడియంలో చదివిన పల్లెటూరి పిల్లలకి హిందీ మనకొచ్చినంతే వస్తుంది, నేను కళ్ళారా చూశా. వారం వారం ఇంటికెళ్తున్నాడంటే వాడూ నీలాగే ఉన్నాడేమో. వాడికి ఇల్లు దగ్గర, నీకు దూరం, అంతే తేడా.

నిజామాబాద్_శైలజ

@పాతకాపు అన్నా, మీరు చెప్పేది మూడో ఏడు సంగతి. ఈ పిల్లగాడు మొదటి నెలల ఉన్నడు. ఇప్పుడు వానికి కావల్సింది ఇంటర్వ్యూ కాదు, కడుపుల ఉన్నది ఆలోచించకుంట చెప్పుకునే మనిషి. అది హిందీల చెప్పుకోలేడు కద. నేను మొదటి నెల మా తెలుగు అక్కల రూముల్నే ఉన్న, రాత్రి అక్కడ్నే పడుకున్న. అట్లని నాలుగేండ్లు అక్కడ్నే ఉంటనా? ఇప్పుడు నా ఫ్రెండ్స్‌ల సగం మంది మలయాళీలు, ఒకామె మణిపూర్. కాళ్ళు నిలదొక్కుకున్నంక నడుస్తరు ఎవరైనా.

అదీగాక, అమ్మాయిలకు సీనియర్ అక్కల గ్యాంగ్ లేకపోతే ఎన్ని విషయాలు తెల్వయో మీకు తెల్వది. రాత్రి ల్యాబ్ నుంచి వచ్చేటప్పుడు ఏ రోడ్డు, ఏ మెడికల్ షాపు, ఏ ప్రొఫెసర్ అటెండెన్స్ గట్టిగ చూస్తడు, ఇవన్ని ఎవరు చెప్తరు?

పాతకాపు_హెచ్‌జేబీ

మొదటి నెల అని మొదలెడతారమ్మా అందరూ. సరే, నీకు కుదిరింది, సంతోషం. నేను చూసినవాళ్ళలో చాలామందికి కుదర్లేదు.

లెక్కల_మాస్టారు

బాబూ, నేను ఇరవై ఏళ్ళకి పైగా ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తున్నాను, అందులో ఎక్కువ భాగం నువ్వు చదివినలాంటి క్యాంపస్‌ల్లోనే. నీ ప్రశ్నలో ఉన్న చిక్కు భాషలోనూ తిండిలోనూ లేదని నా అనుమానం, అవి ఎట్లాగూ సర్దుకుంటాయి.

మా దగ్గర పొద్దున ఐదుకి బెల్లు. స్నానానికి బెల్లు, స్టడీ అవర్‌కి బెల్లు, రాత్రి పదిన్నరకి లైట్లు ఆర్పడానికి ఇంకో బెల్లు. ఏ రోజు ఏ చాప్టరో, ఏ ఆదివారం ఏ టెస్టో మైక్రో షెడ్యూల్ అని అచ్చేసి చేతికిస్తాం. టెస్టులో తప్పు పోతే ఎర్రర్ లిస్టు రాయించుకుంటాం. పిల్లవాడు మగత నిద్రలో ఉంటే కేర్‌టేకర్ వచ్చి భుజం తట్టి మొహం కడుక్కురమ్మంటాడు. రెండేళ్ళలో పిల్లవాడు తనంతట తాను 'ఇప్పుడేం చెయ్యాలి' అని అనుకోవాల్సిన అవసరం ఒక్కసారి కూడా రానివ్వం. ర్యాంకులు వస్తున్నాయి, కాదనను. కానీ దాన్ని పట్టుకుని 'హాస్టల్ అలవాటే' అని తల్లిదండ్రులు అనుకోవడం మాత్రం తప్పు. మీకు అలవాటైంది హాస్టల్ కాదు, బెల్లు. ఇప్పుడు సాయంత్రం ఐదున్నర తర్వాత బెల్లు కొట్టేవాడు లేడు, నీకు తోచడం లేదు. ఇంట్లో ఉండి డే స్కాలర్‌గా చదివినవాడు ఈ విషయంలో నీకంటే నయం, వాడికి ఖాళీగా ఉండటం తెలుసు.

మందు చెప్పమంటే నాది చిన్న మాట. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా రూములో ఉండకు. ఎక్కడైనా ఉండు, లైబ్రరీ కావచ్చు గ్రౌండు కావచ్చు, ఊరికే సైకిల్ తొక్కినా సరే. కొత్త టైమ్‌టేబుల్ మాత్రం వేసుకోకు. మా పిల్లలు వేసుకునేవి చూస్తుంటాను, పొద్దున నాలుగున్నర నుంచి రాత్రి పదకొండు దాకా గడులు గీసి రంగులేస్తారు, మూడో రోజుకి అది గోడ మీద బొమ్మ.

నాన్నగారి మాట గురించి. ఆయన నిన్ను ఓడిపోయినవాణ్ణి చేసి ఆ మాట అనలేదు. 'ఉండు' అని చెప్పి ఏమన్నా అయితే ఆయన తట్టుకోలేడు. పేపర్లలో వార్తలు ఆయనా చదువుతున్నాడు. ఈసారి ఫోన్లో ఇంటి సంగతులు నువ్వే అడుగు, పత్తికి మందు కొట్టారా, గేదె ఈనిందా, అలాంటివి. ఆయనకి ఊపిరి తిరుగుతుంది.

ఎర్రకారం

ఇదంతా సరే గానీ గోంగూర లేకుండా ఆగస్టు గడిపావా? నువ్వు జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై అవ్వడం కంటే ఇదే గొప్ప.

గోల్‌బజార్_బాబాయ్

గోంగూరకేటి కరువు నాయనా, ఖరగ్‌పూర్‌లో దొరకని తెలుగు సరుకు లేదు! మాది ఇక్కడ మూడో తరం. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం దగ్గర్నుంచి వర్క్‌షాప్‌లో పనికొచ్చేరు, అలా వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ వీధులకి వీధులున్నాయి. గోల్‌బజార్‌లోనో రైల్వే కాలనీల్లోనో ఒక గంట తిరుగు, ఎవరో ఒకరు 'ఏరా, ఎక్కడికి పోతన్నావ్' అనుకుంటూ నీ పక్కనుంచే వెళ్తారు. 2020 చివర్లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చిందంటే మా ఊరి తెలుగోళ్ళ వల్లే, ఆ మాట చెప్పుకోడానికి మాకు కొంచెం గర్వం కూడా.

క్యాంపస్ పిల్లలకి ఇది తెలీదు. స్టేషన్లో దిగుతారు, టోటో (బ్యాటరీ రిక్షా) ఎక్కుతారు, పురీ గేట్ లోపలికెళ్ళి మళ్ళీ సెలవులకే బయటికొస్తారు. స్టేషన్ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగు, 1072 మీటర్లు, తర్వాత గోరఖ్‌పూర్ వాళ్ళు, 2023లో హుబ్బళ్ళి వాళ్ళు మమ్మల్ని దాటేశారు, అది వేరే బాధ. ఆదివారం పొద్దున్న ఒకసారి ఊళ్ళోకి రా బాబూ. ఇడ్లీ దొరుకుతుంది, తెలుగు పేపరు దొరకొచ్చు, గుడికెళ్తే మాటలాడే మనుషులు దొరుకుతారు. మా తెలుగు నీకు కొంచెం వింతగా ఉంటుంది, మధ్యలో బెంగాలీ, హిందీ దొర్లుతుంటాయి, సర్దుకో.

మీ క్యాంపస్‌లో హిజ్లీ పాత భవనం చూశావా? 1951లో మీ ఐఐటీ మొదలైంది ఆ జైలు భవనంలోనే. 1931 సెప్టెంబర్‌లో అక్కడ నిర్బంధంలో ఉన్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. ఇప్పుడది మ్యూజియం. సాయంత్రం తోచకపోతే అటెళ్ళు, మాస్టారు చెప్పినట్టు రూములో మాత్రం ఉండకు.

సూటిగా_సుత్తిలేకుండా

అందరూ ఉండు ఉండు అంటున్నారు. పిల్లాడికి తిండి లేదు, నిద్ర లేదు. వాళ్ళ నాన్నే వచ్చెయ్యమంటున్నాడు. గుంటూరులో, విజయవాడలో కాలేజీల్లేవా? ఐఐటీ అని పేరు పట్టుకుని వేలాడాలా? వచ్చెయ్ తమ్ముడూ, మళ్ళీ వచ్చే ఏడు రాసి దగ్గర్లో తెచ్చుకో.

పాతకాపు_హెచ్‌జేబీ

ఇలాంటి సలహా ఇచ్చేముందు రూల్సు చూడండి సార్. ఐఐటీలో సీటు తీసుకుని చేరినవాడు మళ్ళీ అడ్వాన్స్‌డ్ రాయడానికి లేదు. 'వచ్చే ఏడు దగ్గర్లో' అన్న దారి మూసుకుపోయింది. ఇప్పుడు వస్తే మేనేజ్‌మెంట్ సీటో, లేదా ఏడాది ఆగి ఈఏపీసెట్టో. రావడం తప్పని నేననను, ఒంట్లో బాగోక, మనసు బాగోక వచ్చినవాళ్ళు నాకు తెలుసు, హాయిగా ఉన్నారు. కానీ ఇది తెలిసి తీసుకునే నిర్ణయం కావాలి, రాత్రి రెండింటికి మంచం మీద కూర్చుని తీసుకునేది కాదు. ఎంత లేదన్నా ఒక సెమిస్టర్ చూడు.

సూటిగా_సుత్తిలేకుండా

ఆ రూల్ తెలీదు. అయినా పిల్లాడి ప్రాణం కంటే ఎక్కువా అని నా పాయింటు.

డ్యూటీ_డాక్టర్

పాయింటు తప్పు కాదు. తమ్ముడూ, కొత్త చోట మొదటి వారాల్లో నిద్ర చెదరడం, ఆకలి తగ్గడం మామూలే, దానికి జబ్బు పేరు పెట్టక్కర్లేదు. కానీ రెండు మూడు వారాలైనా తగ్గకుండా రోజురోజుకీ ఎక్కువవుతుంటే, క్లాసులు మానేసి పడుకునే దాకా వస్తే, లేదా ఎందుకీ బతుకు అనే ఆలోచన ఒక్కసారి తొంగి చూసినా సరే, క్యాంపస్ ఆసుపత్రికో కౌన్సిలింగ్ సెంటర్‌కో వెళ్ళు. వెళ్తే రికార్డులో పడుతుందని, ప్లేస్‌మెంట్స్‌లో తెలుస్తుందని పిల్లలు భయపడతారు, ఆ భయం పెట్టుకోకు. అక్కడ తెలుగులో చెప్పుకోలేవనుకుంటే 14416 టెలిమానస్, కేంద్ర ప్రభుత్వానిది, ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్ళుంటారు. సాయంత్రం ఆరు తర్వాత టీలు, కాఫీలు ఆపెయ్. మీ క్యాంపస్‌లో అర్ధరాత్రి దాకా టీ దొరుకుతుందని విన్నా, అది కూడా ఒక కారణమే.

నిజామాబాద్_శైలజ

ఛేదీస్ టీ కొట్టుకి పోకుంట ఉండమంటున్నరా డాక్టర్ గారూ, కేజీపీల (ఖరగ్‌పూర్‌ల) అది అయ్యే పని కాదు 🙂

ఒంగోలు_అమ్మ

నేను తల్లిగా అడుగుతున్నా, ఎవరైనా చెప్పండి. మా అమ్మాయి ఈ ఏడే కాలికట్‌లో చేరింది. రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చెయ్యాలి? నేను పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చేస్తున్నా. తిన్నావా అంటే తిన్నా అంటుంది, ఏం తిన్నావంటే 'ఏదో ఒకటిలే అమ్మా' అంటుంది. వీడియో కాల్‌లో మొహం చూస్తే చిక్కినట్టు ఉంది. వాళ్ళ నాన్నేమో నన్నే తిడుతున్నారు, పిల్లని కుదురుకోనివ్వవా అని.

పల్నాడు_పిల్లోడు

ఆంటీ, మా అమ్మ కూడా అంతే. నిజం చెప్పాలంటే మధ్యాహ్నం ఫోన్ వస్తే కష్టంగా ఉంటుంది, చుట్టూ అందరూ ఉంటారు, అమ్మ గొంతు వినగానే నాకు గొంతు పట్టేస్తుంది, అందుకే 'ఊ, ఆ' అని పెట్టేస్తా. కోపం కాదు. రాత్రి ఒక్కసారి, అదీ మెస్ అయ్యాక చేస్తే మాట్లాడగలం.

లెక్కల_మాస్టారు

అమ్మా, ఇంతకంటే మంచి జవాబు మేమెవరం ఇవ్వలేం. ఒక్క మాట కలుపుతాను, 'తిన్నావా' బదులు మీరేం వండారో చెప్పండి, అమ్మాయే మాట్లాడుతుంది. వీడియోలో మొహాలు చూసి చిక్కారో లేదో తేల్చకండి, ఆ కెమెరాల్లో అందరం చిక్కినట్టే ఉంటాం.

కొత్తపేట_కుర్రాడు

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా తమ్ముడు వేరే కాలేజీ, పేరు వద్దు. సీనియర్లు రాత్రి పన్నెండుకి ఇంట్రో అని రూముకి పిలిచి నిలబెట్టి పాటలు పాడిస్తున్నారంట. చెప్తే ఇంకా ఏడిపిస్తారని వాడి భయం.

డ్యూటీ_డాక్టర్

పాటలైనా అది ర్యాగింగే. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం మానసికంగా వేధించినా ర్యాగింగ్ కిందికే వస్తుంది. 1800-180-5522 ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది. వాడు చెప్పలేకపోతే నువ్వు చెప్పు, చేరేటప్పుడు మీ ఇంట్లో సంతకం పెట్టిన అఫిడవిట్ ఉంటుంది కదా, సీనియర్లూ అలాంటిది పెట్టినవాళ్ళే.

నిజామాబాద్_శైలజ

పల్నాడు తమ్మీ, ఇవన్ని అయినంక అసలు చదువు సంగతి. సీ ప్రోగ్రామింగ్ ఎట్లుంది? మన ఇంటర్ ఎంపీసీల కంప్యూటర్ లేదు, సీబీఎస్ఈ పిల్లలు రెండేండ్లు చేసి వస్తరు, మొదటి ల్యాబ్‌ల వాండ్లు పావుగంటల లేచిపోతుంటే మనకు సెమికోలన్ ఎక్కడ పోయిందో దొరకదు. అదే చూసి నేను ఆ రోజు ఏడ్చిన, ఇప్పుడు అదే సబ్జెక్ట్‌ల జూనియర్లకి చెప్తున్న. ఎన్‌పీటీఈఎల్‌ల (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైటు) ఉచితంగ లెక్చర్లు ఉన్నయి, వాటికంటె ముందు రోజుకు రెండు ప్రోగ్రాములు నీ చేత్తోటి కొట్టు, కాపీ పేస్ట్ చెయ్యకు. ఇంటర్‌ల లెక్క ఫార్ములా కంఠస్థం పట్టినట్టు పట్టకు, అది ఇక్కడ పని చెయ్యదు.

గ్రేడ్‌ల గురించి పరేషాన్ కాకు. ఈఎక్స్ అంటే పది, ఏ తొమ్మిది, బీ ఎనిమిది. స్కూల్ నుంచీ ఫస్ట్ వచ్చినోనికి మొదటి క్లాస్ టెస్ట్‌ల బీ, సీ స్థాయి మార్కులు చూస్తే ప్రాణం పోయినట్టుంటది. నీ సెక్షన్‌ల ఉన్నోళ్ళందరు వాళ్ళ వాళ్ళ కాలేజీల ఫస్టే, ఎవరో ఒకరు యాభయ్యో నంబర్ కావాలె కద.

స్కాలర్‌షిప్ నోటీసులు ఈ నెలల్నే వస్తయి, మెయిల్ చూస్కో. ఆదాయ ధ్రువపత్రం కొత్తది కావాలె, నాన్నను మీసేవల ఇప్పుడే పెట్టమని చెప్పు. ఇంటి ఆదాయం లక్ష లోపైతే ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ, ఐదు లక్షల లోపైతే మూడింట రెండొంతులు. మనోళ్ళు చానమంది లాస్ట్ డేట్ అయినంక మేల్కొంటరు.

పూజ సెలవుల టికెట్ గురించి చెప్పలే నువ్వు. 2024 నవంబర్ నుంచి అరవై రోజుల ముందే బుకింగ్, కాబట్టి ఇప్పటికే వెయిటింగ్ నడుస్తుంటది. ఖరగ్‌పూర్ నుంచి తీస్తే కోటా తక్కువ. ఫలక్‌నుమా అయితే హౌరా నుంచి, కోరమాండల్, ఈస్ట్‌కోస్ట్ అయితే షాలిమార్ నుంచి తీసి, బోర్డింగ్ ఖరగ్‌పూర్ పెట్టు. నాలుగు రూపాయలు ఎక్కువైనా బెర్త్ దొరుకుతది.

పల్నాడు_పిల్లోడు

అందరికీ థ్యాంక్స్. ఇన్ని రోజులు రాయలేదు, మిడ్‌సెమ్ దగ్గరకొస్తోంది. ఏమైందో చెప్తా.

చవితికి వెళ్ళలేదు. తెలుగు సీనియర్స్ ఒక హాల్లో (ఇక్కడ హాస్టల్‌ని హాల్ అంటారు) చిన్న మట్టి వినాయకుణ్ణి పెట్టారు, పత్రి తెచ్చే పని ఫస్టియర్స్‌కి ఇచ్చారు. నాకు ఇక్కడ ఏ చెట్టు ఎక్కడుందో ఏం తెలుసు. ఆ బర్ధమాన్ అబ్బాయి ఆ వారం ఇంటికెళ్ళలేదు, వెతుకుతుంటే నేనూ వస్తానన్నాడు. గరిక చూపించి దుర్బొ అన్నాడు, జిల్లేడు చూపించి ఆకొందొ అన్నాడు, వాళ్ళూ పూజల్లో వాడతారంట. మారేడు ఆకుల కోసం స్టాఫ్ క్వార్టర్స్ వైపు వెళ్తే ఒక పెద్దావిడ ఇంట్లోంచి కత్తెర తెచ్చి కోసిచ్చింది, వాడే ఆమెతో బెంగాలీలో మాట్లాడాడు. పాతకాపు అన్న చెప్పింది నిజమే, వాడికి హిందీ నాకొచ్చినంతే. వింగ్‌లో జోకులకి వాడూ ఆలస్యంగా నవ్వుతున్నాడని నేను గమనించనే లేదు. ఇద్దరం వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నాం, గ్రామరు ఎవడు చూస్తాడు.

మాస్టారు, ఐదున్నరకి రూములో ఉండటం మానేశా. మా హాల్లో వాలీబాల్ కోర్టు ఉంది, మొదట చూస్తూ కూర్చున్నా, ఒకడు తక్కువైతే పిలిచారు. మా ఊళ్ళో సంక్రాంతికి టోర్నమెంట్లు ఆడినోణ్ణి కదా, రెండు స్మాష్‌లు పడేసరికి పేరు అడిగారు. హాల్స్ మధ్య జరిగే జీసీ (జనరల్ ఛాంపియన్‌షిప్) పోటీలకి ప్రాక్టీస్‌కి రమ్మన్నారు. కోర్టులో హిందీ ఏం అక్కర్లేదు, 'ఉఠా', 'మార్', 'ఛోడ్' అంతే. మొదటేడు ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌ఓల్లో ఒకటి ఎట్లాగూ తప్పదు, నేను ఆటలది, ఎన్‌ఎస్‌ఓ పెట్టుకున్నా.

అన్నీ బాగయ్యాయని చెప్పను. జైపూర్ వాడితో పెద్దగా కలవలేదు, గొడవేం లేదు, వాడి లోకం వాడిది. మొదటి క్లాస్ టెస్టులో సగం కూడా రాలేదు. సీలో పాయింటర్స్ మొదలెట్టారు, ఏమీ ఎక్కట్లేదు. కొన్ని రాత్రులు ఇంకా రెండు దాకా మెలకువే. నాన్నకి ఫోన్ చేసి గేదె ఈనిందా అంటే, 'నీకెట్లా తెలుసురా' అని పెద్దగా నవ్వాడు, దూడ ఫోటో పంపాడు.

గోల్‌బజార్ బాబాయ్, ఈ ఆదివారం ఊళ్ళోకొస్తా. ఇడ్లీ ఎక్కడో గుర్తు చెప్పండి.

గోల్‌బజార్_బాబాయ్

రా నాయనా. తొమ్మిది లోపు రావాలి, తర్వాత చట్నీ ఉండదు. ఆ బర్ధమాన్ కుర్రాణ్ణి కూడా తీసుకురా.

పాతకాపు_హెచ్‌జేబీ

పత్రికి తీసుకెళ్ళింది తెలుగు గ్యాంగేనని శైలజ ఇప్పుడు నన్ను వదలదు.

నిజామాబాద్_శైలజ

వదల. 😀

పల్నాడు_పిల్లోడు

ఇంకొకటి, డ్రాయింగ్ క్లాసుకి డ్రాఫ్టర్ ఇంతవరకు పక్కవాడిది అడుక్కుంటున్నా. కొత్తది కొనాలా, ఎవరైనా సెకండ్ హ్యాండ్ అమ్ముతారా?

నిజామాబాద్_శైలజ

కొనకు. నాది ఊరికే పడి ఉంది, స్క్రూ ఒకటి లూజు, కాగితం మడిచి పెడితే కదలదు. షీట్లు పెట్టుకునే ట్యూబ్ కూడా ఇస్త. రేపు మధ్యాహ్నం క్లాసులు అయినంక నలందా ముందర ఉంట, పైసలు తేకు.